తగ్గని తొమ్మిది

నేను ఏలూరులో ఒక హైస్కూల్లో ఇరవై రెండేళ్ళుగా లెక్కలు చెబుతున్నాను. పేరు భాస్కరరావు. నాకు కోపం జాస్తి అని పిల్లలు చెప్పుకుంటారు, అబద్ధం కాదు. తప్పు లెక్క కంటబడితే ఒళ్ళు మండిపోతుంది. అయితే ఆ మంట ఎప్పుడూ ఇతరుల లెక్కల మీదే. నా లెక్క కూడా తప్పగలదని పందొమ్మిది వందల ముప్ఫై ఏడు దాకా నాకు తోచలేదు.

మా వీధి చివర తివాసీలు నేసే ఇళ్ళున్నాయి. వాటిలో అబ్దుల్ మజీద్ గారి ఇంటితో నాకు చనువు. ఆయన లండన్ వర్తకులకు తివాసీలు పంపేవారు, ఇంగ్లీషు ఉత్తరాలు నేను రాసిపెట్టేవాణ్ణి. ఇరవై తొమ్మిదిలో ఆయన పోయారు. భార్య బద్రున్నీసా గారికి మిగిలినవి ఇల్లు, ఒక మగ్గం, కొల్లేరు ఐసు కంపెనీలో పది వాటాలు. ఆవిడ కూలికి తివాసీలు నేసి పొట్ట పోసుకుంటూ వచ్చారు, ఒకరి ముందు చెయ్యి చాచలేదు.

ఆ కంపెనీని ఇరవై నాలుగులో పెట్టారు. కొల్లేటి చేపల్ని ఐసులో పెట్టి కలకత్తా పంపడం పని. ఫ్యాక్టరీ సరస్సు మధ్యన ఒక లంక మీద, ఆఫీసు తాడేపల్లిగూడెంలో. వాటా ఖరీదు వంద రూపాయలు. ఏటా నవంబరు పదకొండో తారీఖున వాటాదార్లకు డివిడెండు మనియార్డరు వచ్చేది. కింద కూపన్ ముక్క మీద గుండ్రటి అక్షరాలతో, నేను చూసినప్పుడల్లా, ఒకే మాట ఉండేది: "సంస్థ క్షేమము. తొమ్మిది శాతము. కార్యదర్శి ముత్యాలరావు." బద్రున్నీసా గారికి తెలుగు అంకెలు వచ్చు గాని చదవడం రాదు. అందుకని ప్రతి నవంబరులో నేను వెళ్ళి కూపన్ చదివి వినిపించేవాణ్ణి. అలా ఏడేళ్ళు చదివి చదివి చివరికి నేనే బుట్టలో పడ్డాను.

ముప్ఫై ఆరులో కార్యదర్శికి ఉత్తరం రాశాను. పూర్వం కొందరు వాయిదాలు కట్టక వదిలేసిన వాటాలు కంపెనీ దగ్గరే ఉన్నాయనీ, అరవై రూపాయలకు ఒకటి ఇస్తాననీ ఆయన జవాబు రాశాడు. ఇరవై వాటాలు కొన్నాను. పన్నెండు వందల రూపాయలు, నేను పుట్టి బుద్ధెరిగాక దాచిందంతా.

ఆ నవంబరులో నాకు నూట ఎనభై రూపాయలు వచ్చాయి. ఇక నా గొప్పలు చూడాలి. కనబడ్డవాళ్ళనల్లా ఆపి పాఠం చెప్పాను. "తొమ్మిది శాతం అంటే కాగితం మీద రాసిన వంద రూపాయలకు తొమ్మిదండి. మీరు ఆ వాటాని అరవైకే కొన్నారనుకోండి, అప్పుడూ ఆ తొమ్మిదే ఇస్తారు. అరవైకి తొమ్మిది అంటే నూటికి పదిహేను. పోస్టాఫీసు వాడు ఇచ్చేదెంత, రెండో మూడో కదా?" అనేవాణ్ణి. డ్రిల్లు మాస్టారు విన్నాడు. పోస్టాఫీసు గుమాస్తా విన్నాడు. కాలికి మేకు దిగి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు కట్టు కట్టిన నర్సు విక్టోరియా అయితే ఆ లెక్క మందుచీటీ వెనక వేయించుకుని మరీ దాచుకుంది.

ముప్ఫై ఏడు అక్టోబరు నెలాఖరులో బద్రున్నీసా గారు కబురు పంపారు. వెళ్ళాను. ఆవిడ ఎప్పటిలాగే వాకిలి తెర వెనక కూర్చుని మాట్లాడారు.

"మాస్టారు గారూ, నేను హజ్‌కి వెళుతున్నానండి. మా వాళ్ళు కొందరు వచ్చే నెల బొంబాయి బయల్దేరుతున్నారు. ఆయన పోయినప్పటి నుంచీ ఐసు కంపెనీ డబ్బు పైసా ముట్టుకోలేదు. ఎనిమిది తొంభైలు, ఏడు వందల ఇరవై ఉందండి."

"చాలా సంతోషమమ్మా," అన్నాను.

"సంతోషించే ముందు ఒక సంగతి తేలాలండి. ఈ డబ్బు లాభమా, వడ్డీయా?"

వడ్డీ డబ్బు వారి మతంలో నిషిద్ధం. ఆ డబ్బుతో మక్కా వెళితే యాత్ర యాత్రే కాదు. మజీద్ గారు బ్యాంకి జోలికి పోకుండా వాటాలు కొన్నదీ అందుకే. వ్యాపారంలో లాభనష్టాలు పంచుకోవచ్చు, వడ్డీ తినకూడదు.

నేను నవ్వాను. "డివిడెండు వడ్డీ ఎలా అవుతుందమ్మా? అది లాభంలో వంతు."

తెర కింద నుంచి ఒక ఇనప తీగ ఇవతలికి వచ్చింది. కూపన్లన్నీ దానికి వరసగా గుచ్చి ఉన్నాయి. "అంకెలు చూడండి," అన్నారావిడ. "మొదటి ఏడాది ఆరు. తర్వాత పదకొండు. తర్వాత ఎనిమిది. నాలుగో ఏడాది తొమ్మిది. అక్కణ్ణించి అన్నీ తొమ్మిదేనండి."

"అదే కదమ్మా దాని గొప్ప. ధరలు పడిపోయి ఊరు ఊరంతా ఏడ్చిన ఏడు కూడా తొమ్మిది ఇచ్చాడు."

"అదేనండి నా భయం. మా ఆయన వ్యాపారం నేను చూశాను. ఒక ఏడు నలభై బేళ్ళు ఓడెక్కేవి, ఒక ఏడు నాలుగు ఎక్కేవి కావు. బతికున్న వ్యాపారం ఊపిరి తీసినట్టు పైకీ కిందికీ కదులుతుందండి. ఇది నాలుగేళ్ళు కదిలింది. తర్వాత కదలడం మానేసింది. లాభమైతే ఒక్క ఏడైనా తగ్గొద్దూ?"

నాకు చిరాకు వేసింది. "పన్నెండేళ్ళుగా వస్తూనే ఉంది కదమ్మా, ఇంకేం కావాలి?"

"వంద రూపాయల వాటా మీకు అరవైకి ఎందుకిచ్చాడండి?" అన్నారావిడ, ఎంతో మర్యాదగా.

ఇరవై రెండేళ్ళలో ఏ విద్యార్థీ నన్ను అలాంటి ప్రశ్న అడగలేదు. నూటికి పదిహేను ఎలా వచ్చిందో ఊరందరికీ చెప్పాను గాని, ఆ భిన్నంలో కింద ఉన్న అంకె వంద నుంచి అరవైకి ఎందుకు దిగిందని నన్ను నేనే అడగలేదు. కనుక్కుని చెబుతానని లేచాను.

ఆ ఆదివారం రైలెక్కి తాడేపల్లిగూడెం వెళ్ళాను. కంపెనీ ఆఫీసు ఉండాల్సిన మేడ కింద సత్తిరాజు అనే బెల్లం వర్తకుడు కొట్లో కూర్చుని ఉన్నాడు. మేడ మీద బోర్డు లేదు. బోర్డు పీకిన చోట గోడ మాత్రం తెల్లగా ఉంది.

"ఐసు కంపెనీయాండి? ఖాళీ చేసి నాలుగేళ్ళయిందండి," అన్నాడు. "ఉత్తరాలొస్తే లంకకి పంపేస్తుంటానండి. బల్లలు, బీరువాలు నాకే అమ్మేశాడాయన. ఇదిగోండి, నేను కూర్చున్న కుర్చీ మీ కంపెనీదే."

కుర్చీ వీపున కంపెనీ పేరు చెక్కి ఉంది. దాని మీద బెల్లం జిడ్డు పట్టింది.

"బేరమాడాడా?" అని అడిగాను.

"అబ్బే. నేను చెప్పిన ధరకే ఇచ్చాడండి. పదకొండో తారీఖు లోపల డబ్బు చేతిలో పడాలన్నాడు, అంతేనండి."

సభ్యుల వార్షిక సమావేశం నవంబరు ఆరున, ఉదయం పదకొండు గంటలకు, ఫ్యాక్టరీ ఆవరణలో అని నాకు నోటీసు వచ్చి ఉంది. ప్రతి వాటాదారుకూ ఏటా వస్తుంది. కొల్లేరు దాటి ఎవడు పోతాడని ఎవరూ పోరు. నేను పోయాను.

తెల్లవారాక జట్కాలో సరస్సు ఒడ్డుకు చేరాను. పోతురాజు అనే చేపలవాడు తన దోనెలో ఎక్కించుకున్నాడు. కార్తీకమాసపు మంచు నీళ్ళ మీద ఇంకా పేరుకుని ఉంది, వెదురు గడ ముంచిన చోటు కూడా సరిగా కనబడదు. మొదట కొంతసేపు పక్షుల గోల చెవులు పగలగొట్టింది. లంక దగ్గరవుతున్న కొద్దీ ఆ గోల తగ్గుతూ వచ్చి, ఒకచోట ఆగిపోయింది. తుంగ ఉంది, నీళ్ళున్నాయి, పక్షి లేదు.

అప్పుడు ఫ్యాక్టరీ కూత వినబడింది. సన్నగా మొదలై, లావయి, చాలాసేపు సాగి, తెగిపోయింది. గడియారం తీసి చూశాను. సరిగ్గా పది.

నా ప్రాణం లేచి వచ్చింది. ఆఫీసు మూస్తే ఏమి, ఖర్చు కలిసొస్తుందని మూసి ఉంటాడు. కూత వేసిందంటే ఆవిరి ఉంది, ఆవిరి ఉందంటే ఇంజను ఉంది. బద్రున్నీసా గారికి ఏమని చెప్పాలో మాటలు కూడా కూర్చుకున్నాను.

"ఫ్యాక్టరీ బాగా నడుస్తున్నదే," అన్నాను.

పోతురాజు గడ వెయ్యడం ఆపి నా మొహం చూశాడు. "తవరు ఎప్పుడూ రాలేదాండి ఇక్కడికి?"

"లేదు. ఏం?"

"ఏం లేదండి. గంట గంటకీ కూస్తాదండి. మా ఆడోళ్ళు ఆ కూత యినే పొయ్యి ఎలిగిస్తారు." నన్ను దింపి, తను మాత్రం దోనె దిగకుండా నాలుగు బారల దూరం వెనక్కి తోసుకుని అక్కడ నిలబడ్డాడు.

నాలుగు గోడలున్నాయి. పైకప్పు లేదు. తలుపులు, కిటికీలు ఉండాల్సిన చోట కన్నాలు. ఇంజను ఉండాల్సిన చోట ఒక చదరపు గుంట, గుంటలో నీళ్ళు, నీళ్ళలోంచి నాలుగు తుప్పు పట్టిన బోల్టులు పైకి లేచి ఉన్నాయి. పొగగొట్టం మొదలంటా తీసేశారు. ఆ నేల మాత్రం అద్దంలా ఊడ్చి, కళ్ళాపి చల్లి ఉంది.

అరవై ఏళ్ళ మనిషి ఎదురొచ్చాడు. మెడదాకా బొత్తాలు పెట్టిన కోటు, తలపాగా, మడత నలగని పంచె. కాళ్ళకు చెప్పులు లేవు. "రండి భాస్కరరావు గారూ," అన్నాడు. నేనెవరో ఇంకా చెప్పనే లేదు. "పదమూడేళ్ళలో సమావేశానికి వచ్చిన మొదటి వాటాదారు మీరేనండి. ముందు హాజరు సంతకం చెయ్యండి."

రిజిస్టరు చాపాడు. నేను రోజూ బడి గుమ్మంలో హాజరు సంతకం చేసే మనిషిని. రిజిస్టరు కనబడితే నా చెయ్యి నన్నడగదు. పెట్టేశాను. పైన ఏం రాసి ఉందో చదవలేదు.

గోడల మధ్య నేల మీద ఇటుకలు వరసలుగా పేర్చి ఉన్నాయి. ఒక్కొక్క ఇటుక మీద సున్నంతో ఒక నెంబరు, ఒక పేరు.

"కుర్చీలు అమ్మేశానండి," అన్నాడు ముత్యాలరావు. "పొగగొట్టం ఇటుకల్లో ఇవి రెండొందలు అట్టేపెట్టాను. వాటాకి ఒకటి. మీవి ముందు వరసలో ఇరవై ఉన్నాయి. కూర్చోండి."

నా పేరున్న ఇటుకల మీద కూర్చున్నాను. నాకు ఎడంపక్క పది ఇటుకల మీద అబ్దుల్ మజీద్ అని రాసి ఉంది. ఏటా సున్నం మళ్ళీ దిద్దుతున్నట్టున్నాడు, అక్షరాలు తెల్లగా మెరుస్తున్నాయి.

పదకొండయింది. ముత్యాలరావు లేచి, గోడ కన్నం దాటి బయటకు నడిచి, రెండు చేతులూ నోటి దగ్గర దొప్పలా పట్టాడు. మెడ నరాలు తాళ్ళలా ఉబ్బాయి. ఆ కూత ఆ మనిషి గొంతులోంచి వచ్చింది. సన్నగా మొదలై, లావయి, చాలాసేపు సాగి, తెగిపోయింది. ఆయన రుమాలుతో మూతి తుడుచుకుని, వచ్చి, రిపోర్టు విప్పాడు.

నాకు లేచి పరుగెత్తాలనిపించింది. నా ఇటుకల అంచులు పట్టుకుని కూర్చున్నాను.

ఆయన చక్కగా, స్పష్టంగా చదివాడు. కొన్ని వాక్యాల తర్వాత ఆగి, ఇటుకల వైపు చూసి, ఎవరో ఏదో చెబుతున్నట్టు తల వంచి విని, మళ్ళీ చదివేవాడు. ఒకసారి నా ఎడంపక్కకు తిరిగి చాలాసేపు విన్నాడు.

"మజీద్ గారు ప్రతి ఏడూ ఇదే అడుగుతారండి," అన్నాడు నాతో. "లాభం ఎక్కణ్ణించి వచ్చిందని."

"ఆయన పోయి ఎనిమిదేళ్ళయింది," అన్నాను.

"వాటాదారు పోవడం ఉండదండి. వాటా బదిలీ కావాలి, అంతే. ఆవిడ ఇంకా బదిలీ చేయించుకోలేదు."

"సరే, నేనూ అదే అడుగుతున్నాను. లాభం ఎక్కడిది?"

ఆయన దాచలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఇరవై తొమ్మిదిలోనే లాభం నిలిచిపోయిందట. ఆ ఏడు పడవలు అమ్మి తొమ్మిది శాతం పంపాడు. మరుసటేడు ఐసు పెట్టెలు, తూకం యంత్రం. కలకత్తా వ్యాపారం పడిపోయాక ఇంజను. తర్వాత పైకప్పు రేకులు, ఆఫీసు సామాను, తలుపులు, పొగగొట్టం. డైరెక్టర్లు ఒక్కొక్కరే చచ్చిపోయారు, కొత్తవారిని ఎవరూ ఎన్నుకోలేదు. తను జీతం పుచ్చుకోవడం మానేసి ఎన్నేళ్ళయిందో తనకే గుర్తు లేదు.

"ఒక్క ఏడు ఆపేస్తే సరిపోయేది కదండీ," అన్నాను.

"ఆపితే పోయిందని తెలిసిపోతుంది కదండీ," అన్నాడు నెమ్మదిగా. "ఫ్యాక్టరీ ఎవరు చూశారు? ఐసు ఎవరు చూశారు? అందరూ చూసేది పదకొండో తారీఖు. అది వచ్చినంతకాలం కంపెనీ ఉన్నట్టే. కిందటేటికి అన్నీ అయిపోయాయండి. బాయిలరు తుక్కు అమ్మితే మూడు వందల ముప్ఫై వచ్చింది. కావలసింది పదిహేను వందల ముప్ఫై. ఎలాగా అనుకుంటుంటే మీ పన్నెండు వందలు వచ్చాయి."

నూట ఎనభై రూపాయలు అందుకుని నేను వీధంతా తిరిగిన రోజు గుర్తొచ్చింది. అది నా డబ్బే. నా జేబులోది తీసి నా చేతిలో పెడితే నూటికి పదిహేను అని లెక్క కట్టాను.

"ఈ ఏడు ఇక పంపలేరుగా," అన్నాను.

"ఎందుకు పంపలేను? మీరున్నారుగా." ఆయన ముందు వరస చివరకు చెయ్యి చూపించాడు. అక్కడ ముప్ఫై ఇటుకలు కొత్తవి. వంగి వేలితో ముట్టుకున్నాను. సున్నం ఇంకా తడి ఆరలేదు. పది ఇటుకల మీద డ్రిల్లు మాస్టారి పేరు. పదింటి మీద పోస్టాఫీసు గుమాస్తా పేరు. పదింటి మీద విక్టోరియా.

"ముప్ఫై వాటాలు, అరవై చొప్పున పద్దెనిమిది వందలు. ఇవ్వాల్సింది రెండు వందల వాటాలకీ కలిపి పద్దెనిమిది వందలు. సరిగ్గా సరిపోయిందండి. ముగ్గురూ మీ పేరు చెప్పే రాశారు." ముత్యాలరావు నా మొహంలోకి ఎంతో గౌరవంగా చూశాడు. "ఇంజను అమ్మేశామని బెంగ పడ్డాను గాని, ఇప్పుడు ఇంజను మీరేనండి."

నేను లేచి నిలబడి అరిచాను. అది మోసమన్నాను, దొంగతనమన్నాను, ఈ డివిడెండు ఆపి ఆ ముగ్గురి డబ్బు వెనక్కి పంపమన్నాను. ఆయనకు కోపం రాలేదు.

"తీర్మానం పెట్టారు, బాగుందండి. కూర్చోండి, సభ్యుల్ని అడుగుదాం." ఇటుకల వైపు తిరిగాడు. "ఈ ఏడు డివిడెండు ఆపాలని భాస్కరరావు గారి తీర్మానం. అనుకూలంగా ఉన్నవారు చేతులెత్తండి."

ఎదురు చూశాడు. గాలి లేదు. మంచు విడిపోయి ఎండ తెల్లగా కాస్తోంది, ఇటుకల మీది పేర్లన్నీ ఒక్కసారిగా చదవడానికి వీలుగా కనబడుతున్నాయి. ఆయన ఒక్కొక్క వరసే చూసుకుంటూ వచ్చి, చివరికి నా దగ్గర ఆగాడు.

"ఎవరూ ఎత్తలేదండి," అన్నాడు.

నిజమే. నా చెయ్యి కూడా మోకాలి మీదే ఉంది. ఇంకో ఐదు రోజుల్లో నాకు నూట ఎనభై రూపాయలు రావాలి. పోయిన పన్నెండు వందల్లో అదైనా దక్కుతుందని నా బుర్ర ఆ ఎండలో, ఆ ఇటుకల మధ్య లెక్క వేసుకుంటోంది. నాకు ఆ ముసలాయన అంటే కలిగిన భయం అప్పుడు నా మీదికి మళ్ళింది.

ఎలా దోనె ఎక్కానో తెలియదు. పోతురాజు చాలాదూరం వచ్చాక అన్నాడు: "మావోళ్ళే బియ్యం, చేపలు ఇత్తారండి ఆయనకి. కూత మానెయ్యమంటే ఏడుత్తాడండి." మా వెనక పన్నెండు గంటల కూత మొదలైంది. నేను చెవులు మూసుకున్నాను.

ఆ సాయంత్రమే బద్రున్నీసా గారికి అంతా చెప్పాను. చెయ్యెత్తని సంగతి మాత్రం చెప్పలేదు. ఆవిడ తెర వెనక నుంచి అడిగారు: "అయితే ఇది వడ్డీ కాదాండి?"

"కాదమ్మా. లాభమూ కాదు. పడవలు, రేకులు, తలుపులు అమ్మి మీ వంతు మీకు పంపాడు. మీ వెయ్యి రూపాయలే ముక్కలు ముక్కలుగా మీ ఇంటికి వచ్చాయి. ఇక అక్కడ ఏమీ లేదు."

"పోయిందని తెలిస్తే చాలండి. ఆయన సొమ్ము ఆయన ఇంటికే వచ్చింది, దాంట్లో పాపం లేదు. మరి కిందటేడు తొంభై ఎవరిదండి?"

ఆవిడ నా జవాబు కోసం ఆగలేదు. "మీ పన్నెండు వందలు, బాయిలరు మూడు వందల ముప్ఫై అన్నారు కదండీ. నా తొంభైలో మీ డబ్బు ఎంతవుతుందో లెక్క కట్టండి."

"అదేం వద్దమ్మా..."

"పరాయి డబ్బుతో వెళ్ళకూడదండి. కట్టండి."

కట్టాను. డెబ్బై రూపాయల తొమ్మిది అణాలు, కొంచెం చిల్లర. ఆవిడ డెబ్బై రూపాయల పది అణాలు లెక్కపెట్టి తెర కింద నుంచి ఇవతలికి తోశారు. తీసుకోవడానికి సిగ్గేసింది. తీసుకున్నాను.

"ఆ నర్సమ్మ గారికి చెప్పారాండి?" అన్నారు నేను లేస్తుంటే.

"చెబుతానమ్మా."

"ఇవాళే చెప్పండి. నేను మంగళవారం వెళ్ళిపోతాను, మళ్ళీ అడగలేను."

ఆవిడ మంగళవారం వెళ్ళిపోయారు. స్టేషనుకు వెళ్ళాను గాని దూరంగా నిలబడ్డాను. విక్టోరియా ఇల్లు నేను బడికి వెళ్ళే దారిలోనే ఉంది. ఆదివారం చర్చి నుంచి వస్తూ కనబడింది, పలకరించింది. సోమవారం కనబడింది. బుధవారం కూడా కనబడింది. ఈ మోసం గురించి కంపెనీల రిజిస్ట్రారు గారికి మద్రాసు రాయాల్సిన ఉత్తరం రాసి, బల్ల సొరుగులో పెట్టాను. పదకొండు దాటాక పంపుదామనుకున్నాను. ఎందుకో ఇక వేరే చెప్పాలా?

పదకొండో తారీఖు గురువారం పొద్దున్న పోస్టుమాన్ వచ్చి నూట ఎనభై రూపాయలు నా చేతిలో లెక్కపెట్టాడు. కూపన్ చదవకుండానే జేబులో కుక్కాను. ఆ నోట్లు చేతికి తగలగానే సున్నం తడి గుర్తొచ్చింది. ఇక ఆగలేకపోయాను. ఇంట్లోకి కూడా వెళ్ళకుండా తిన్నగా విక్టోరియా ఇంటికి నడిచాను.

ఆవిడ గుమ్మంలోనే ఉంది. తొంభై రూపాయలు అప్పుడే అందుకున్నట్టుంది, మొహం వెలిగిపోతోంది. "రండి మాస్టారు గారూ. మీ లెక్క అణా తప్పలేదండి," అంది.

కూర్చోకుండా అంతా చెప్పాను. పైకప్పు లేదన్నాను. ఇంజను గుంటలో నీళ్ళన్నాను. కూత ముసలాయన గొంతులోంచి వస్తుందన్నాను. ఇటుకలు చెప్పాను, తడి సున్నం చెప్పాను. నూట ఎనభై రూపాయలు ఆవిడ ముందు బల్ల మీద పెట్టి, ఇది నీ ఆరు వందల్లోదే తీసుకోమన్నాను. ఆరేళ్ళు రాత్రి డ్యూటీలు చేసి కూడబెట్టిన డబ్బది.

ఆవిడ ఓపిగ్గా విన్నది. జ్వరంలో ఉన్నవాళ్ళ మాట వినే అలవాటు ఉన్న మనిషి. నా నుదురు మీద చెయ్యి వేసి చూడబోయి, మొహమాటపడి ఆగింది.

"మరి తొమ్మిది వచ్చింది కదండీ?" అంది.

"అందుకే చెబుతున్నానమ్మా. అక్కడేమీ లేదు. నేను కళ్ళారా చూశాను."

"మీరు చూశారనే కదండీ ఇందులోనూ రాశారు," అని తన కూపన్ నా చేతికిచ్చింది.

అవే గుండ్రటి అక్షరాలు. "సంస్థ క్షేమము. తొమ్మిది శాతము. కొత్త డైరెక్టరు శ్రీ భాస్కరరావు గారు ఫ్యాక్టరీని స్వయముగా చూచి రిజిస్టరులో సంతకము చేసినారు." నా జేబులోది తీసి చూశాను. అందులోనూ అదే ఉంది. ఈపాటికి రెండు వందల వాటాల వాళ్ళ ఇళ్ళకూ అదే చేరి ఉంటుంది. వీధి మొదట్లోంచి డ్రిల్లు మాస్టారు కూపన్ ఊపుకుంటూ, నవ్వుకుంటూ మా వైపే వస్తున్నాడు.

ఆదివారమే చెప్పి ఉంటే నా మాట నమ్మేది. సోమవారం చెప్పినా నమ్మేది.

"సంతకం మీదేనాండీ?" అంది విక్టోరియా.

"నాదేనమ్మా," అన్నాను.